అట్టచెట్టు నీడ ఎటు పడుతుంది?

కొత్త సినిమా విడుదలకి హాలు ముందు కటౌట్ లేస్తే, రోడ్డు మీద బస్సులో పోయేవాడికి కూడా హీరో నిలువెత్తున నిలబడ్డట్టే కనిపిస్తాడు. సందులోంచి హాలు పక్కకి వెళ్లినవాడికి కనిపించేది మాత్రం ప్లైవుడ్ అంచూ, సరుగుడు కర్రలూ, వాటిని బిగించిన తాళ్లూ. కటౌట్ అదే. మారిందల్లా చూసేవాడు నిలబడ్డ చోటు.

కంప్యూటర్ మీద బొమ్మల కథలు తయారుచేసేవాళ్లు రోజూ ఇలాంటి కటౌట్లు నిలబెడుతూనే ఉంటారు. ఇప్పటి కామిక్స్ సాఫ్ట్‌వేర్ చిత్రకారుడికి తెల్ల కాగితంతో పాటు ఒక వీధినే ఇస్తుంది. ఇళ్లు, మెట్లు, కరెంటు స్తంభాలు, అన్నీ పొడవు వెడల్పు లోతు ఉన్న త్రీడీ నమూనాలు. ఆ వీధిలో కెమెరా ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టి, కనిపించిన దృశ్యాన్ని ప్యానెల్లోకి, అంటే కథలోని ఒక్కో గడిలోకి, దించుకోవచ్చు. జపాన్‌లో హిరోయా ఓకు 2000లో మొదలుపెట్టిన ‘గాంట్జ్’ బొమ్మల కథలో (అక్కడ వాటిని మాంగా అంటారు) నేపథ్యాలకి త్రీడీ గ్రాఫిక్స్ విరివిగా వాడాడు. వారం తిరిగేసరికి కొత్త ఎపిసోడ్ అందించాల్సిన కొరియా వెబ్‌టూన్ (ఇంటర్నెట్‌లో వచ్చే కామిక్స్) చిత్రకారులు, ఆర్కిటెక్టులు ఇళ్ల నమూనాలకి వాడే స్కెచ్‌అప్‌ని తమ నేపథ్యాల కోసం పట్టేశారు. టోక్యోలోని సెల్సిస్ కంపెనీ తయారుచేసే క్లిప్ స్టూడియో పెయింట్‌లో త్రీడీ కోసం విడిగా ఒక లేయరే ఉంటుంది. 2010లో జపాన్‌లో వచ్చిన కామిపో సాఫ్ట్‌వేర్ అయితే బొమ్మలు గీయడం రానివాళ్ల కోసమే పుట్టింది: పాత్రలు త్రీడీ బొమ్మలు, వాటి చుట్టూ పెట్టుకునే సరంజామాలో చాలాభాగం మామూలు టూడీ చిత్రాలు.

ఎందుకీ కలగాపులగం? అంతా త్రీడీలోనే చేసుకోవచ్చు కదా? ఇల్లయితే చేసుకోవచ్చు, ఇల్లంటే కొన్ని పలకలు. వేపచెట్టుకి ఆకులెన్నో లెక్కపెట్టినవాడెవడు? గోడమీద చిరిగిన పోస్టరు, దూరపు కొండ, జాతరలో జనం, ఇవన్నీ త్రీడీలో మలచడానికి పట్టే కాలంలో కథ మొత్తం గీసేయొచ్చు. అందుకని చేత్తో గీసిన బొమ్మనో, ఫోటోనో మందం లేని పలక మీద అతికించి వీధిలో నిలబెడతారు. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ ఫైలుని నేరుగా పలకగా దించుకునే సదుపాయం ఉంది. స్కెచ్‌అప్‌లో కొత్త ఫైలు తెరవగానే ఎదురయ్యే మనిషి కూడా అలాంటి అట్టమనిషే.

మోసం కాదా అంటే, మోసమే. చాలా పాత మోసం. రోములో సంత్ ఇగ్నాజియో అనే చర్చి ఉంది. పైన గోపురం కట్టాల్సిన చోట గోపురం కట్టలేదు. 1685లో ఆంద్రేయా పొజ్జో అనే చిత్రకారుడు దాదాపు 17 మీటర్ల వెడల్పున్న బల్లపరుపు కాన్వాసు మీద గోపురం లోపలి భాగాన్ని గీసి, ఆ ఖాళీలో బిగించాడు. నేలమీద ఒకచోట గుండ్రటి రాతిబిళ్ల ఉంటుంది. దానిమీద నిలబడి తలెత్తితే పైన నిజంగానే లోతైన గోపురం, స్తంభాలు, కిటికీలు. నాలుగడుగులు ముందుకి వేస్తే గోపురం ఒక పక్కకి ఒరిగిపోతుంది. పొజ్జో లెక్కలో పొరపాటేమీ లేదు. ఆ బొమ్మ ఒక్క కంటికోసం, ఒక్క చోటు కోసం గీసింది, అంతే.

ఇక్కడే కామిక్స్‌కి ఒక గొప్ప సౌకర్యం ఉంది. సినిమాలో కెమెరా కదులుతుంది. ఆటలో అయితే ఆడేవాడు ఎటుపడితే అటు పరుగెడతాడు. కామిక్స్ ప్యానెల్లో కెమెరా ఒక్క చోట బిగుసుకుపోయి ఉంటుంది. పైగా పాఠకుడి రెండు కళ్లకీ ఒకే బొమ్మ కనిపిస్తుంది కాబట్టి, లోతుని పసిగట్టడానికి ఆ రెండు కళ్ల తేడా కూడా పనికిరాదు. అంటే చిత్రకారుడు ప్రతి పాఠకుణ్నీ ఆ రాతిబిళ్ల మీదే నిలబెడుతున్నాడన్నమాట. టూడీ అట్టముక్కకి ఇంతకన్నా అనువైన ఇల్లు మరొకటి లేదని నా అభిప్రాయం. త్రీడీ తెలిసిన కొందరు దీన్ని చేతకానివాడి దొంగదారి అంటారు. వాళ్లు సినిమా కళ్లతో కామిక్స్‌ని చూస్తున్నారు.

అయినా అట్ట బయటపడుతుంది. ఎప్పుడు, ఎంత దూరంలో బయటపడుతుందో లెక్కకట్టడం కష్టమేమీ కాదు. పది మీటర్ల దూరంలో ఒక చెట్టు ఉందనుకుందాం. కొమ్మల గుబురు మందం నాలుగు మీటర్లు, అంటే మన వైపు ఆకులు ఎనిమిది మీటర్లలో, అవతలి వైపువి పన్నెండు మీటర్లలో ఉన్నాయి. తర్వాతి ప్యానెల్ కోసం కెమెరాని ఒక మీటరు పక్కకి జరిపాం. ముందు ఆకులు 7.1 డిగ్రీలు, వెనక ఆకులు 4.8 డిగ్రీలు జరుగుతాయి. అసలు చెట్టులో ఈ రెండింటి మధ్యా రెండు డిగ్రీల పైచిలుకు తేడా రావాలి. చెయ్యి చాచి చూసుకుంటే బొటనవేలి గోరు కన్నా ఎక్కువే. అట్టచెట్టులో ముందూ వెనకా ఆకులన్నీ ఒకే పలక మీద ఉన్నాయి కనక ఆ తేడా రాదు. ఇదే చెట్టుని 500 మీటర్ల అవతల పెట్టి, కెమెరాని అదే ఒక మీటరు జరిపితే, ముందాకులకీ వెనకాకులకీ రావలసిన తేడా డిగ్రీలో వెయ్యోవంతు దాకా పడిపోతుంది. ఆరోగ్యమైన కన్ను విడదీసి చూడగలిగేది డిగ్రీలో అరవయ్యోవంతు. అంటే అంత దూరాన చెట్టు నిజంగా చెట్టో అట్టో చెప్పడం ఎవరి తరమూ కాదు, అక్కడికి నడిచి వెళితే తప్ప. దూరాన్ని బట్టి ఇలా జరుగుబాటు మారడాన్ని శాస్త్రంలో పారలాక్స్ అంటారు. దూరపు కొండలు, ఊళ్లు, మేఘాలు నిస్సంకోచంగా టూడీలోనే ఉంచొచ్చనడానికి ఆధారం ఇదే.

దగ్గరి వస్తువుల సంగతి వేరు. ముందు గోడమీది పోస్టరు చూద్దాం. పోస్టరు అసలే పలచటి కాగితం, కాబట్టి గోడమీద అతికిస్తే అన్యాయం ఏమీ లేదు. చిక్కంతా దాన్ని ఏటవాలుగా చూసినప్పుడు వస్తుంది. వీధి పొడవునా ఒక గోడ ఉంది. దాని దగ్గరి కొస మన నుంచి రెండు మీటర్లు, దూరపు కొస ఆరు మీటర్లు. సరిగ్గా మధ్యలో, అంటే నాలుగు మీటర్ల దగ్గర ఒక గీత గీశారు. ప్యానెల్లో ఆ గీత ఎక్కడ పడుతుంది? మధ్యలో అనిపిస్తుంది. కాదు. దూరం రెట్టింపయితే పరిమాణం సగమవుతుందన్న సూత్రంతో లెక్కగడితే, గోడ దగ్గరి సగం ప్యానెల్లో కనిపించే గోడలో ముప్పాతిక భాగాన్ని తినేస్తుంది. మిగిలిన పాతికలో దూరపు సగం ఇరుక్కుంటుంది. పోస్టరుని టూడీలోనే మూలలు పట్టి లాగి పక్కకి వాల్చి సరిపెట్టేసేవాళ్లు ఈ లెక్క పట్టించుకోరు. అక్షరాలన్నీ ఒకే వెడల్పులో ఉండి పోస్టరు గోడకి అంటుకోనట్టు, గాలిలో తేలుతున్నట్టు అనిపిస్తుంది. 1994లో వచ్చిన మొదటి ప్లేస్టేషన్ కూడా వేగం కోసం ఈ లెక్కని ఎగ్గొట్టింది. ఆ ఆటల్లో గోడలూ నేలా మెలికలు తిరిగేది అందుకే. ఇప్పటి త్రీడీ సాఫ్ట్‌వేర్ ప్రతి పిక్సెల్ దగ్గరా దూరంతో భాగహారం చేసి మరీ బొమ్మని పరుస్తుంది. ఉపరితలాల మీద ఇలా బొమ్మని అతికించే పద్ధతిని 1974లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో తన పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథంలో చూపించినవాడు ఎడ్విన్ కాట్మల్, తర్వాత పిక్సార్‌ని నడిపినవాడు.

పోస్టరు నలుచదరం. చెట్టు అలా కాదుగా. పలకలో చెట్టు లేని చోటంతా కనపడకుండా పోవాలి. అందుకోసం ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలంతో పాటు ‘ఎంత కనపడాలి’ అని చెప్పే నాలుగో సంఖ్య ఉంటుంది. దాని పేరు ఆల్ఫా. 1970ల చివర్లో కాట్మల్, ఆల్వీ రే స్మిత్ దాన్ని రూపొందించారు. సిద్ధాంతం నున్నగా ఉంటుంది, తంటా అంతా అంచుల్లో. తెల్ల కాగితం మీద గీసిన చెట్టుని కత్తిరిస్తే, అంచు పిక్సెళ్లలో సగం ఆకు, సగం తెలుపు కలిసిపోయి ఉంటాయి. చీకటి ఆకాశం ముందు నిలబెట్టగానే చెట్టు చుట్టూ తెల్లటి వెలుగు గీత, దేవుడి పటంలో ప్రభామండలంలా. ఆకు రంగుని అంచు దాటి బయటి పారదర్శక భాగంలోకి కూడా పాకించి, కోతని ఆల్ఫాకే వదిలేస్తే ఇది పోతుంది. ఇంకో చిన్న పిశాచం: ఒక చెట్టు వెనక ఇంకో చెట్టు నిలబెట్టినప్పుడు ముందు చెట్టు పారదర్శక భాగం కూడా వెనక చెట్టుని మింగేసి, నలుచదరపు కన్నం పెట్టేస్తుంది. ఏది ముందుందో లెక్క చూసుకునే పట్టికలో సాఫ్ట్‌వేర్ కనపడని పిక్సెళ్లని కూడా రాసేసుకోవడమే కారణం. పూర్తిగా ఖాళీగా ఉన్న పిక్సెళ్లని లెక్కలోంచి తీసేయమని చెప్పే అమరిక చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది.

అంచు బాగుపడినా అట్ట బొమ్మ పరాయిదానిలా అనిపించడానికి అసలు కారణం చాలాసార్లు దిగంతరేఖ, అంటే నేలా ఆకాశమూ కలిసినట్టు కనిపించే గీత. చదునైన నేలమీద కెమెరా ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉంటే, నిలబడ్డ ప్రతివస్తువునీ దిగంతరేఖ సరిగ్గా ఒకటిన్నర మీటర్ల ఎత్తులోనే కోస్తుంది. దగ్గరివాణ్నీ అక్కడే, దూరపువాణ్నీ అక్కడే. సగటు ఎత్తున్న పెద్దవాళ్లందరికీ ఆ గీత ముక్కు దగ్గర తగులుతుంది. మీటరు ఎత్తున్న పిల్లలు మొత్తం దాని కిందే ఉంటారు. జనాన్ని కటౌట్లుగా చల్లేటప్పుడు ఈ ఒక్క గీత చూసుకుంటే, ఎవడూ గోతిలో దిగినట్టుగానీ, గాలిలో లేచినట్టుగానీ ఉండడు. త్రీడీలో పలక ఎత్తు నిజమైన కొలతలో పెట్టి, కింది అంచు నేలకి ఆనిస్తే ఈ లెక్క దానంతటదే కుదురుతుంది.

కుదరనిది బొమ్మ లోపల దాక్కున్న దిగంతరేఖ. ఒక నీళ్లబిందె తీసుకోండి. రెండు మీటర్ల దూరంలో నేలమీద పెట్టి, ఒకటిన్నర మీటర్ల ఎత్తునించి చూస్తూ గీశారు. మూతి నేలనుంచి నలభై సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, దాన్ని మనం దాదాపు 29 డిగ్రీలు కిందికి వంగి చూస్తున్నట్టు. గుండ్రటి మూతి కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది, నిడివి వెడల్పులో దాదాపు సగం. నీళ్లు కనిపిస్తాయి. ఇప్పుడా బొమ్మని పలక మీద అతికించి పది మీటర్ల దూరానికి నెట్టారు. సాఫ్ట్‌వేర్ బుద్ధిగా బిందెని ఐదోవంతుకి తగ్గిస్తుంది. మూతి మాత్రం ఇంకా అలాగే సగం తెరుచుకుని ఉంటుంది. నిజానికి పది మీటర్ల దూరంనించి చూపు ఆరు డిగ్రీలే వాలుతుంది. మూతి సన్నటి చీలికలా, వెడల్పులో తొమ్మిదోవంతే కనపడాలి. పాఠకుడికి ఈ లెక్కలేవీ తెలియవు. అయినా ఆ బిందె తనవైపు ఒరిగి, ఇప్పుడో ఇంకాసేపటికో నీళ్లు ఒలకబోసేలా ఉందని మాత్రం తెలుస్తుంది. గుండ్రటి మూతులున్నవేవైనా, గిన్నెలు, బకెట్లు, బావిగట్లు, ఇలాగే గుట్టు విప్పేస్తాయి. మనుషుల బొమ్మలు ఇంత కఠినంగా ఉండవు. మోకాలి గుండ్రదనం ఎవరికి లెక్క? పాదాలు, కాలర్లు, టోపీ అంచులు సరిచూసుకుంటే చాలు.

రంగస్థలం మీద కూడా ఇదే పేచీ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకసమాజం అడవి, అంతఃపురం, రాజవీధి, అన్నీ తెరల మీద గీయించి వెనక వేలాడదీసేది. తెరమీది వీధి కొసకి పోనుపోను ఇళ్లు సన్నబడతాయి. తెర దగ్గరికి నడిచిన నటుడు సన్నబడడు. చివరి ఇంటి పక్కన నిలబడితే రాజుగారి తల రెండో అంతస్తుని తాకుతుంది. అందుకే అలాంటి తెర ఉన్నప్పుడు నటుడు వేదిక ముందుభాగంలో ఉండడమే మేలు.

ఇక శీర్షికలోని ప్రశ్న. కెమెరా ఉత్తరానికి చూస్తోంది. అట్టచెట్టు దానికి ఎదురుగా, తూర్పు పడమరల వైపు చాచుకుని నిలబడి ఉంది. సూర్యుడు పడమట దిగుతున్నాడు. కిరణాలు పలక అంచుకి తగులుతాయి. అంత పెద్ద మర్రిచెట్టుకి నేలమీద పడే నీడ చీపురుపుల్లంత. ఆల్ఫాని నీడలెక్కలో పట్టించుకోని సాఫ్ట్‌వేర్ అయితే, సూర్యుడు కెమెరా వెనక ఉన్నప్పుడు చెట్టుకి నలుచదరపు తలుపు నీడ పడుతుంది. అదీ చూసినవాళ్లున్నారు.

విరుగుడు సులభం, కాస్త తమాషా కూడా. అదే బొమ్మతో రెండో పలక తయారుచేసి, దాన్ని సూర్యుడి వైపు తిప్పి, మొదటి చెట్టు మొదట్లోనే పాతేస్తారు. ఆ రెండో చెట్టు కెమెరాకి కనపడకూడదు, వెలుగుకి మాత్రమే అడ్డుపడాలి. బ్లెండర్‌లో ఏ వస్తువు కెమెరాకి కనపడాలో, ఏది నీడకే పరిమితం కావాలో విడివిడిగా చెప్పొచ్చు. అంటే కనపడే చెట్టుకి నీడ లేదు, నీడ ఉన్న చెట్టు కనపడదు. అంత ఓపిక లేనివాళ్లు బొమ్మని నల్లగా మార్చి నేలమీద పడుకోబెట్టి పక్కకి లాగుతారు. ప్యానెల్ ఒక్కటే అయితే అది తెలివైన పనే. నీడ ఏ పద్ధతిలో వేసినా పాదాల కింద, మొదలు కింద వేలెడంత చిక్కటి నలుపు మాత్రం మరవకూడదు. వస్తువు నేలని ఆనిందని కంటికి నమ్మకం కలిగించేది దూరంగా పరుచుకున్న నీడ కాదు, ఆ వేలెడు నలుపే.

వెలుగుతో ఇంకో తకరారు. బొమ్మ గీసేటప్పుడే చిత్రకారుడు ఎడమవైపునించి వెలుగు వేసి ఉంటాడు. త్రీడీ వీధిలో దీపం కుడివైపు ఉంటుంది. సాఫ్ట్‌వేర్ బొమ్మని మళ్లీ తన దీపంతో వెలిగిస్తే ఒకే ముఖానికి ఇద్దరు సూర్యులు. అందుకని చాలామంది పలకని దీపాలతో సంబంధం లేకుండా, గీసిన రంగు గీసినట్టే కనపడేలా పెడతారు, లేదా వెలుగునీడలు లేని రంగులతో గీసి నీడలు తర్వాత వేసుకుంటారు. మాంగా తరహా నలుపు తెలుపు పనిలో అయితే గీతల మందం కూడా చూసుకోవాలి. దగ్గర పెట్టడానికి గీసిన బొమ్మని రెట్టింపు దూరానికి జరిపితే అర మిల్లీమీటరు గీత పావు మిల్లీమీటరు అయిపోతుంది, పక్కనే చేత్తో గీసిన పాత్ర గీతలతో పొంతన కుదరదు. నీడని చూపించడానికి వేసే చుక్కలు పలక మీది బొమ్మలోనే ఉంటే మరీ దారుణం. అంగుళానికి 60 వరసల చుక్కలు సగానికి కుదించుకుపోయి 120 వరసలవుతాయి. ముద్రణలో ఇంకు పూడుకుపోయి మసకగా మారతాయి, లేదంటే అలలు అలలుగా కొత్త చారలు పుడతాయి. చుక్కలు వేయాల్సింది కెమెరా దృశ్యం కాగితం మీదికి దిగిన తర్వాతే. నలుపు తెలుపు పేజీ 600 డీపీఐలో (అంగుళానికి 600 పిక్సెళ్లు) ముద్రిస్తే నాలుగు అంగుళాల ప్యానెల్‌కి 2400 పిక్సెళ్లు కావాలి. 600 పిక్సెళ్ల చెట్టుని అంతకి సాగదీస్తే ఆకులకి మెట్లు మొలుస్తాయి.

కెమెరా ఒక ప్యానెల్లో కదలదు సరే, ప్యానెల్‌కీ ప్యానెల్‌కీ మధ్య కదులుతుంది. చాలా సాఫ్ట్‌వేర్లు దీనికి ‘ఎప్పుడూ కెమెరా వైపే తిరుగు’ అని అట్టకి ఆజ్ఞ ఇచ్చే ఏర్పాటు చేశాయి. స్కెచ్‌అప్‌లోని ఆ మనిషి అందుకే మనం ఎటు పోతే అటు తిరుగుతాడు. చెట్లకి ఇది భేషుగ్గా పనిచేస్తుంది, చెట్టుకి ముందూ వెనకా ఎవరు చూశారు? మనిషికి పనిచేయదు. 1993లో వచ్చిన ‘డూమ్’ ఆటలో రాక్షసులంతా అట్టబొమ్మలే. ఒక్కోదాన్ని ఎనిమిది దిక్కులనించి చూపించేలా బొమ్మలు పెట్టి, చాలావాటికి ఒక పక్క బొమ్మనే అద్దంలోలా తిప్పి రెండో పక్కకి వాడుకున్నారు. ప్రాణం పోయిన రాక్షసుడికి మాత్రం అంత ఖర్చు దండగనుకున్నారేమో, ఒక్క బొమ్మే. శవం చుట్టూ ప్రదక్షిణ చేసినా అది మనవైపే కాళ్లు చాపుకుని ఉంటుంది. కామిక్స్‌లో ఎనిమిది దిక్కులు అక్కర్లేదు. కథ ఏ కోణాలు అడుగుతుందో ముందే రాసుకుని, పాత్రకి ఆ రెండు మూడు బొమ్మలే గీసుకుంటే చాలు. ఈ పని కెమెరా కోణాలన్నీ ఖరారయ్యాక చేయాలి. ముందు బొమ్మలు గీసుకుని తర్వాత కెమెరాని వాటికి సరిపడేలా వంచేవాళ్ల కథల్లో పాత్రలన్నీ ఎప్పుడు చూసినా గ్రూప్ ఫోటోకి నిలబడ్డట్టు ఉంటాయి.

ఇంతా చెప్పాక మాటల బుడగల దగ్గర ఆగాలి. ప్యానెల్లో అన్నిటికన్నా పచ్చి టూడీ వస్తువు అదే. దూరాన్ని బట్టి చిన్నదవడం దానికి లేదు, నీడ లేదు, దిగంతరేఖ అసలే లేదు. అయినా పాఠకుడు అడ్డుచెప్పడు, ఎందుకంటే అది వీధిలో లేదు, పేజీ మీద ఉంది. త్రీడీ చేతికొచ్చిన ఉత్సాహంలో కొందరు బుడగని కూడా పలక మీద అతికించి పాత్ర తల పక్కన నిలబెట్టి, వీధి వాలుకి తగ్గట్టు వంచుతారు. వెంటనే అది వీధిలో వేలాడుతున్న బోర్డయిపోతుంది. ఎంత మంచి సంభాషణనైనా కిళ్లీకొట్టు పేరులా చదవాల్సి వస్తుంది. బాంబు పేలినప్పుడు ‘ఢాం’ అని రాసే పెద్ద అక్షరాలు వేరు. వాటిని వీధి వాలులో వంచితే శబ్దం ఆ గోడలకి తగిలి వచ్చినట్టుంటుంది, జపాన్ మాంగాలో అలా వంచి గీయడం మామూలే. బుడగలని మాత్రం త్రీడీ దృశ్యమంతా ఖరారయ్యాక పైనున్న మామూలు లేయర్‌లో పెట్టుకోవడమే మేలు.